2¹²⁷ − 1 ప్రధాన సంఖ్యేనని ఇంట్లో రుజువు చేసిన ప్రాజెక్టు డైరీ

ఈ పని మొత్తం ఒకే సంఖ్య చుట్టూ తిరుగుతుంది:

170141183460469231731687303715884105727

మొత్తం 39 అంకెలు. ఇది 2¹²⁷ − 1. కంప్యూటర్ లేని రోజుల్లో, 1876లో, ఎడ్వార్డ్ లూకా అనే ఫ్రెంచి గణితవేత్త ఇది ప్రధాన సంఖ్య అని తేల్చాడు. 1951 వరకు ఇంతకన్నా పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియదు.

ఏదైనా గణిత లైబ్రరీని అడిగితే "అవును, ప్రధానమే" అని రెప్పపాటులో చెప్పేస్తుంది. నాకు కావలసింది ఆ జవాబు కాదు. నా ల్యాప్‌టాప్‌ను నమ్మకుండా, నా ప్రోగ్రాం చదవకుండా, ఇంకొకరు తమ మెషిన్ మీద సరిచూసుకోగల రుజువు కావాలి. ఏ దశలో ఏది పనిచేయలేదో, ఏది ఎందుకు మార్చానో కింద రాస్తున్నాను.

దశ 0: పనిముట్లు

పాత ల్యాప్‌టాప్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, ఒక నోట్‌బుక్. అంతే.

పైథాన్ ఎందుకంటే అందులో పూర్ణాంకం ఎంత పెద్దదైనా ఒక్క అంకె పోదు. ఎక్సెల్‌తో మొదలుపెట్టకండి, 15 అంకెలు దాటితే మిగతావి సున్నాలైపోతాయి. పైథాన్‌లో కూడా దశాంశ రకం (ఫ్లోట్) సంఖ్యలను దగ్గరికి రానివ్వకూడదు. వాటిలో 53 బిట్ల ఖచ్చితత్వమే ఉంటుంది. మన సంఖ్యను అందులో వేస్తే 2¹²⁷ అయిపోతుంది, అంటే సరి సంఖ్య! అలాంటి దాని మీద ప్రధాన పరీక్ష పెట్టి ఏం లాభం? వర్గమూలం కావాలన్నా పూర్ణాంక వర్గమూలం ఇచ్చే ఫంక్షన్‌నే వాడాలి.

సీ లాంటి భాషల్లో రాసేవాళ్ళకు ఒక మాట. రుణ సంఖ్యలు కూడా పట్టే 128 బిట్ల పూర్ణాంకంలో ఇమిడే అతి పెద్ద విలువ సరిగ్గా ఇదే. సంఖ్య పడుతుంది కానీ దాని వర్గానికి 254 బిట్లు కావాలి, అది పట్టదు.

సంఖ్యను ఎక్కడి నుంచైనా కాపీ చేసుకుంటే ముందు అంకెలు కూడండి. మొత్తం 154 రావాలి. 154ను 9తో భాగిస్తే శేషం 1. మరోవైపు 2⁶ = 64ను 9తో భాగించినా శేషం 1, 127 = 6 × 21 + 1, కాబట్టి 2¹²⁷ − 1 శేషం 2 − 1 = 1. రెండూ కలిశాయి. కాపీలో ఒక అంకె మారితే ఇక్కడే చాలావరకు దొరికిపోతుంది.

ఇక్కడి నుంచి ఈ సంఖ్యను ఎం అంటాను, ఘాతాన్ని పి అంటాను.

దశ 1: భాగహారంతో ఎంత దూరం వెళ్ళగలం

చిన్నప్పటి పద్ధతే: వర్గమూలం దాకా భాగించి చూడడం. మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. పి బేసి ప్రధానమైతే 2^పి − 1ని భాగించే ప్రతి ప్రధానమూ 2 × కె × పి + 1 రూపంలోనే ఉంటుంది, కె ఏదో ఒక పూర్ణ సంఖ్య. పైగా దాన్ని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. మిగతా వాటిని ముట్టుకోనక్కర్లేదు.

ముందు చిన్న వాటి మీద నడిపాను:

1. పి = 11: 2047 = 23 × 89. ఇందులో 23 = 2 × 1 × 11 + 1, 89 = 2 × 4 × 11 + 1.
2. పి = 29: 536870911 = 233 × 1103 × 2089.
3. పి = 67: 193707721 × 761838257287. మొదటి దానికి కె = 1445580.

మూడోది చరిత్రలో పేరున్న లెక్క. 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ ఈ రెండు కారణాంకాలను అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో చూపించాడు. 8 నియమం వల్ల సగం కె విలువలు ముందే తప్పుకుంటాయి కాబట్టి నా ప్రోగ్రాం అక్కడికి చేరడానికి ఏడు లక్షల పైచిలుకు విలువలు చూస్తే సరిపోయింది. కోల్ తన లెక్కంతా చేత్తో చేశాడని తలచుకుంటే ఆ మనిషి ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక అసలు సంఖ్య. ఎం వర్గమూలం దాదాపు 1.3 × 10¹⁹. 254తో భాగించి అందులో సగం తీసుకుంటే చూడవలసిన భాజకాలు 2.57 × 10¹⁶. సెకనుకు పది లక్షలు చూసినా 800 ఏళ్ళు దాటుతుంది. సెకనుకు పది కోట్లు చూసేలా రాసినా ఎనిమిదేళ్ళు. కాసేపు నడిపి "ఏ భాజకమూ దొరకలేదు" అని రాసుకుంటే దానికి విలువ లేదు. ఈ దారి ఇక్కడితో మూసేశాను.

ఇప్పటికి మొత్తం: రుజువైన పెద్ద ప్రధానాలు 0.

దశ 2: ఫెర్మా పరీక్ష, 2 ఆధారంగా పెడితే ఎందుకు పనికిరాదు

ఎన్ ప్రధానమైతే, ఎన్ భాగించని ఏ సంఖ్యనైనా ఎన్ − 1 ఘాతానికి ఎత్తి ఎన్‌తో భాగిస్తే శేషం 1 రావాలి. ఆధారం 2 పెడితే ఎంకు శేషం 1 వచ్చింది. అదే ప్రోగ్రాంలో 2047 వేస్తే దానికీ 1 వచ్చింది! 23 × 89 అని పైన చూసిన 2047కే.

ప్రోగ్రాంలో తప్పు లేదు, తప్పు ఆధారం ఎంచుకోవడంలోనే ఉంది. 2¹¹ = 2048 = 2047 + 1, కాబట్టి 2¹¹ శేషం 1. 2046 = 11 × 186, కాబట్టి 2²⁰⁴⁶ శేషం కూడా 1 కాక తప్పదు. పి ప్రధానమైతే 2^పి − 2ని పి ఎప్పుడూ భాగిస్తుంది. అందుకని ఈ కుటుంబంలోని ప్రతి సంఖ్యా, సంయుక్తమైనా సరే, 2 ఆధారంగా పాస్ అయిపోతుంది. దీనికన్నా కాస్త కఠినమైన మిల్లర్-రాబిన్ పరీక్షలోనూ 2 పెడితే ఇదే కథ. చాలామంది ప్రోగ్రాంలలో మొదటి ఆధారం 2 ఉంటుంది, మెర్సెన్ సంఖ్యలకు, అంటే 2^పి − 1 రూపంలోని వాటికి, అది దండగ.

ఆధారం 3కి మార్చాను. 2047 వెంటనే ఫెయిల్ అయింది: 3²⁰⁴⁶ను 89తో భాగిస్తే శేషం 34. ఎం మాత్రం పాస్ అయింది. అయినా ఇది రుజువు కాదు. పరీక్షలో తప్పితే సంయుక్తమని ఖాయం, నెగ్గితే అనుమానం తగ్గుతుందంతే.

ఇక్కడి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఏ కొత్త పరీక్ష రాసినా ముందు 127 మీద, తర్వాత 2047 మీద నడపాలి. మొదటిది ప్రధానమని, రెండోది కాదని తేలాకే పెద్ద సంఖ్య జోలికి వెళ్ళాలి.

ఇప్పటికి మొత్తం: పరీక్షలు 2, రుజువులు 0.

దశ 3: లూకా-లెహ్మర్

లూకా ఆలోచనను డి. హెచ్. లెహ్మర్ 1930లో ఈ సులువైన రూపంలోకి తెచ్చాడు. బేసి ప్రధాన పి ఏదైనా పనిచేస్తుంది.

1. 4తో మొదలుపెట్టాలి.
2. చేతిలో ఉన్న సంఖ్యను వర్గం చేసి 2 తీసెయ్యాలి.
3. 2^పి − 1తో భాగించి శేషం ఉంచుకోవాలి.
4. 2, 3 మెట్లు కలిపి పి − 2 సార్లు చేయాలి.
5. చివర శేషం 0 అయితే ప్రధానం, కాకపోతే సంయుక్తం.

పి = 7కి కాగితం మీద: 4, 14, 67, 42, 111, 0. కాబట్టి 127 ప్రధానం.
పి = 11కి: 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. చివర సున్నా రాలేదు, కాబట్టి 2047 ప్రధానం కాదు.

మూడో మెట్టుకు నిజమైన భాగహారం అక్కర్లేదు. 2^పిని 2^పి − 1తో భాగిస్తే శేషం 1 కదా, అందుకని సంఖ్యను బైనరీలో రాసి, కింది పి బిట్లను ఒక ముక్కగా, పైవాటిని ఇంకో ముక్కగా తీసి రెండూ కూడితే చాలు. వేగం బాగా పెరుగుతుంది. కానీ ఇలా మార్చగానే ప్రోగ్రాం 7, 31, 127, 8191 అన్నీ సంయుక్తాలే అంది.

పి = 7లో ఆఖరి మెట్టు చూడండి. 111² − 2 = 12319. దీన్ని 128 దగ్గర విడగొడితే 96 × 128 + 31. ముక్కలు కూడితే 96 + 31 = 127. భాగహారంలో శేషం 0, కూడికలో 127. రెండూ ఒకటే, కానీ ప్రోగ్రాం 0 కోసం చూస్తోంది. బైనరీలో చూస్తే పి బిట్లూ ఒకట్లే, ఆ సంఖ్య సున్నాకు మారువేషం. పి = 5లోనూ అంతే: 8² − 2 = 62 = 1 × 32 + 30, కూడితే 31. సున్నా రావలసిన ప్రతి చోటా ఇదే జరుగుతుంది, ఎందుకంటే ధన సంఖ్య ముక్కల్ని ఎన్నిసార్లు కూడినా సున్నా రాదు. చివర "0 లేదా 2^పి − 1" అని మార్చాక అన్నీ సరిపోయాయి.

ఇంకో రెండు జాగ్రత్తలు. పి = 2కి ఈ పద్ధతి నడవదు: 4ను 3తో భాగిస్తే శేషం 1, కానీ 3 ప్రధానమే. దాన్ని విడిగా చూసుకోవాలి. రుణ సంఖ్యలు లేని రకం వాడే భాషల్లో 2 తీసేముందు 2^పి − 1 కలపండి, లేకపోతే విలువ వెనక్కి చుట్టుకుపోతుంది.

తర్వాత 127 దాకా ఉన్న 30 బేసి ప్రధాన ఘాతాలన్నిటినీ నడిపాను. సున్నా వచ్చినవి: 3, 5, 7, 13, 17, 19, 31, 61, 89, 107, 127. ఎంకు 125 వర్గాలు, ఒక మిల్లీ సెకను కూడా పట్టలేదు.

ఈ జాబితాను మరాన్ మెర్సెన్ 1644లో ఇచ్చిన దాని పక్కన పెట్టాను. ఆయన 67ను చేర్చాడు, అది తప్పు. 61, 89, 107 వదిలేశాడు. 61ని 1883లో పెర్వుషిన్, 89, 107లను 1911, 1914లలో పవర్స్ పట్టుకున్నారు. 127 విషయంలో మాత్రం మెర్సెన్ మాట నిలబడింది.

ఇప్పటికి మొత్తం: వర్గాలు 1658. పి = 2తో కలిపి ప్రధానాలు 12, సంయుక్తాలు 19.

దశ 4: పెద్ద ఘాతాలు, మధ్యలో బిట్ తిరగబడితే

1952లో రాఫెల్ రాబిన్సన్ స్వాక్ అనే కంప్యూటర్ మీద ఐదు కొత్తవి కనిపెట్టాడు: 521, 607, 1279, 2203, 2281. మొదటి రెండూ జనవరి 30నే దొరికాయి. నా దగ్గర ఐదింటికీ కలిపి ఒక సెకను లోపే అయిపోయింది. వాటికి 6881 వర్గాలు.

తర్వాత 1978 నాటి 21701. ఇందులో 21699 వర్గాలు, కొద్ది సెకన్ల పని. లెక్క సరిగ్గానే ముగిసింది, కానీ సంఖ్యను ప్రింట్ చేయబోతే పైథాన్ ఎర్రర్ ఇచ్చింది. కొత్త వెర్షన్లలో పూర్ణాంకాన్ని అక్షరాలుగా మార్చడానికి 4300 అంకెల పరిమితి ఉంది, ఈ సంఖ్యకు 6533 అంకెలున్నాయి. ఆ పరిమితిని పెంచే సెట్టింగ్ ఉంది, ప్రోగ్రాం మొదట్లోనే పెట్టేయండి. గంటల తరబడి నడిపిన లెక్క ప్రింట్ దగ్గర ఆగిపోతే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

ఇంకా పెద్దవి కావాలంటే ఒక అంచనా. పైథాన్ పెద్ద గుణకారాలకు కరత్సుబా పద్ధతి వాడుతుంది. పి రెట్టింపైతే ఒక్కో వర్గానికి మూడు రెట్లు, వర్గాల సంఖ్య రెండు రెట్లు, మొత్తం ఆరు రెట్ల సమయం. అందుకే కోట్లలో ఉండే ఘాతాలకు ఫోరియర్ పరివర్తనతో గుణించే ప్రోగ్రాంలు వాడతారు. 2024 అక్టోబరులో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1కి 4,10,24,320 అంకెలు. దానికి నా ప్రోగ్రాం చాలదు.

ఈ దశలో ఎక్కువ సమయం వేరే ప్రశ్న మీద పెట్టాను. వేల వర్గాల మధ్యలో మెమరీలో ఒక బిట్ తారుమారైతే? కావాలనే పి = 521 లెక్క మధ్యలో ఒక బిట్ తిప్పి చూశాను. చివర సున్నా రాలేదు. ఆ ఫలితాన్ని అలాగే నమ్మితే నిజమైన ప్రధానాన్ని సంయుక్తమని రాసేసేవాళ్ళం, ఎక్కడా హెచ్చరిక లేదు.

చేర్చిన మందు జాకోబీ సంకేతం, అంటే రెండు సంఖ్యలను బట్టి +1, −1 లేదా 0 ఇచ్చే ఒక లెక్క. వరసలో 14 నుంచి ఏ పదమైనా తీసుకుని 2 తీసేస్తే, 2^పి − 1 మీద దాని జాకోబీ సంకేతం ఎప్పుడూ −1 ఉంటుంది. కారణం చిన్నదే. తర్వాతి పదం మైనస్ 2 అంటే ఇప్పటి పదం వర్గం మైనస్ 4, అంటే (పదం − 2) × (పదం + 2). ఇందులో పదం + 2 అనేది ముందటి పదానికి వర్గం, దాని సంకేతం +1. కాబట్టి 14 − 2 = 12కి ఉన్న −1 అలాగే కొనసాగుతుంది. మధ్యలో తప్పు జరిగితే సంకేతం +1 అయ్యే అవకాశం సగం, ఒకసారి అయితే అలాగే ఉండిపోతుంది. కనుక ప్రతి మెట్టులో చూడనక్కర్లేదు, అప్పుడప్పుడూ చూసి సరైన పదాన్ని ఫైల్‌లో దాచుకుంటే చాలు. మిగతా సగం తప్పులకు లెక్కను రెండోసారి వేరే మెషిన్ మీద నడిపి చివరి శేషాలు పోల్చాల్సిందే.

ఇప్పటికి మొత్తం: వర్గాలు 1658 + 6881 + 21699 = 30238. ప్రధానాలు 18.

దశ 5: చేతికివ్వగల రుజువు

లూకా-లెహ్మర్ చివర ఇచ్చేది ఒక సున్నా. దాన్ని నమ్మాలంటే మొత్తం మళ్ళీ చేయాలి. ఐఐటీ కాన్పూర్ నుంచి మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా 2002లో ఇచ్చిన ఏకేఎస్ పద్ధతి ఏ సంఖ్యకైనా అనుమానం లేకుండా తేలుస్తుంది. సిద్ధాంతపరంగా అదొక మహత్తర ఫలితం, కానీ ఇక్కడ దానికి పట్టే సమయం చాలా ఎక్కువ. నాకు కావలసింది వేరే దారిలో వచ్చిన, ఒక పేజీలో పట్టే రుజువు.

ఎం − 1ని పూర్తిగా విడగొట్టగలం కాబట్టి అది సాధ్యమైంది. ఎం − 1 = 2 × (2⁶³ − 1) × (2⁶³ + 1).

2⁶³ − 1 = 7² × 73 × 127 × 337 × 92737 × 649657
2⁶³ + 1 = 3³ × 19 × 43 × 5419 × 77158673929

2తో కలిపి 12 వేర్వేరు ప్రధానాలు. నియమం ఇది: వీటిలో ప్రతి క్యూకి ఒక ఎ దొరకాలి. ఎని ఎం − 1 ఘాతానికి ఎత్తితే శేషం 1 రావాలి, (ఎం − 1) ÷ క్యూ ఘాతానికి ఎత్తితే 1 రాకూడదు. పన్నెండింటికీ దొరికితే ఎం ప్రధానం, సందేహం లేదు.

1. అన్ని క్యూలకూ ఒకే ఎ ఉండాలన్న పట్టు అక్కర్లేదు. ఒకటి కుదరకపోతే తర్వాతి చిన్న ప్రధానానికి వెళ్ళాలి.
2. క్యూ = 2కి 3 సరిపోతుంది, శేషం ఎం − 1 వస్తుంది.
3. 2ను ఎ గా పెడితే పదకొండు క్యూలకు ఫెయిల్, ఒక్క 127కి మాత్రం పాస్. 2కు 127 ఘాతం దగ్గరే శేషం 1 వచ్చేస్తుంది, ఎం − 1లో 127 ఒక్కసారే ఉంది, అందుకని.
4. 77158673929 కూడా ప్రధానమేనని చూపాలి, లేకపోతే గొలుసు తెగుతుంది. దాన్ని భాగించే ప్రధానాన్ని 126తో భాగిస్తే శేషం 1 రావాలి. వర్గమూలం 277774 దాకా అలాంటివి 2204. అన్నిటితో భాగించాను, ఏదీ పోలేదు.

పన్నెండు వరసల పట్టిక తయారైంది: ఎడమ క్యూ, మధ్యలో ఎ, కుడివైపు శేషం. పెద్ద పూర్ణాంకాలు పట్టే ఏ భాషలోనైనా పది పన్నెండు లైన్లతో దీన్ని సరిచూడొచ్చు. దీంతోపాటు ఇంకోటి కూడా రుజువైపోయింది. 2¹²⁶ × ఎం అనే 77 అంకెల సంఖ్య పరిపూర్ణ సంఖ్య, దానికన్నా చిన్న భాజకాలన్నీ కూడితే అదే వస్తుంది.

ఇప్పటికి మొత్తం: ఎంకు స్వతంత్ర రుజువులు 2.

దశ 6: 1951 రికార్డు ఎం మీదే కట్టారు

ఎం ప్రధానమని తేలితే దాని మీద ఇంకా పెద్దవి కట్టొచ్చు. 1951లో మిల్లర్, వీలర్ ఇద్దరూ కేంబ్రిడ్జిలోని ఎడ్‌సాక్ కంప్యూటర్ మీద సరిగ్గా అదే చేశారు. కె × ఎం + 1 రూపంలో వాళ్ళు ఇచ్చిన కె విలువలు: 114, 124, 388, 408, 498, 696, 738, 774, 780, 934, 978. ఆ తర్వాత 79 అంకెల 180 × ఎం² + 1.

పాక్లింగ్టన్ పద్ధతికి ఇవి అతికినట్టు సరిపోతాయి. ఎన్ − 1లో మనకు తెలిసిన భాగం ఎన్ వర్గమూలం కన్నా పెద్దదైతే, ఆ భాగంలోని ప్రధానాలకే పరీక్ష పెడితే చాలు. 79 అంకెల దానికి:

1. తెలిసిన భాగం ఎం². ఒక్క ఎం చాలదు, వర్గమూలం దాదాపు 13.4 × ఎం ఉంటుంది.
2. 2ను ఎన్ − 1 ఘాతానికి ఎత్తితే శేషం 1.
3. 2ను 180 × ఎం ఘాతానికి ఎత్తి 1 తీసేస్తే, ఎన్‌తో దాని గ.సా.భా. 1.

పదకొండూ, ఈ పెద్దదీ, అన్నీ నెగ్గాయి. దశ 2లో పనికిరాని 2 ఇక్కడ నిక్షేపంగా పనిచేసింది, ఈ సంఖ్యలు మెర్సెన్ రూపంలో లేవు కాబట్టి.

ఇప్పటికి మొత్తం: ప్రధానాలు 18 + 12 = 30.

దశ 7: ఎంనే ఘాతంగా పెడితే

2, 3, 7, 127, ఎం. ప్రతిదీ ముందుదాన్ని ఘాతంగా పెట్టి 1 తీసేస్తే వచ్చేదే, అన్నీ ప్రధానాలే. ఆ తర్వాతది 2^ఎం − 1. అది ప్రధానమో కాదో ఎవరికీ తెలియదు. లూకా-లెహ్మర్ దాని దరిదాపులకు రాదు, ఎం − 2 వర్గాలు కావాలి. కానీ దశ 1 ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది: దాని భాజకాలు 2 × కె × ఎం + 1 రూపంలోనే ఉండాలి. 8 నియమం పెడితే కెని 4తో భాగించినప్పుడు శేషం 0 లేదా 1 రావాలి.

దశ 6లోని పదకొండు ప్రధానాలు ఈ రూపంలోనివే, సగం చేస్తే కొత్త కె వస్తుంది. 57, 204, 249, 348, 369, 489 నియమానికి సరిపోయాయి, మిగతా ఐదు తప్పుకున్నాయి. ఈ ఆరింటికీ 2ను ఎం ఘాతానికి ఎత్తి శేషం చూశాను. ఒక్కదానికీ 1 రాలేదు.

ఇప్పుడు అదే ప్రోగ్రాంను కె పెంచుతూ నడుపుతున్నాను. చిన్న ప్రధానాలతో పోయే అభ్యర్థులను ముందే జల్లెడ పట్టి తీసేస్తే ఘాతం లెక్క పడేవి చాలా తగ్గాయి. ప్రతి కోటి కె విలువలకు ఒకసారి ఎక్కడిదాకా వచ్చిందో ఫైల్‌లో రాస్తుంది, కరెంటు పోయినా అక్కడి నుంచే మొదలవుతుంది. ఇంతవరకు భాజకం దొరకలేదు.

ఇప్పటికి మొత్తం: ప్రధానాలు 30, ఎంకు రుజువులు 2, 2^ఎం − 1కి దొరికిన భాజకాలు 0.